వెలిగారం, తెల్ల గమ్, మూడు గ్లాసులు

మా నాన్న తిరుపతిలో కంసాలి పని చేసేవారు. టంకం పెట్టేటప్పుడు చల్లడానికి ఆయన పెట్టెలో ఎప్పుడూ వెలిగారం (బోరాక్స్) పొట్లం ఉండేది. ఇప్పుడు అదే వెలిగారంతో నేను ఇంటర్ పిల్లలకు క్రాస్‌లింకింగ్, అంటే పొడుగాటి అణువులను ఒకదానితో ఒకటి ముడివేయడం, చెబుతున్నాను. బోర్డు మీద గీతలు గీస్తే "మేడమ్, ఇది పరీక్షకు వస్తుందా?" అంటారు. చేతికి జిగురు అంటాక ఆ ప్రశ్న రాదు.

గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు తీసుకుని, ఒక చిన్న చెంచా వెలిగారం పూర్తిగా కరిగించండి. పొడి నేరుగా గమ్‌లో వేయకండి. నేను మొదటిసారి అలాగే వేశాను. పైన తోలు కట్టింది, లోపల గమ్ పచ్చిగానే ఉండిపోయింది. క్లాసంతా ఒకటే నవ్వు.

మూడు పాత గ్లాసుల్లో రెండేసి పెద్ద చెంచాల తెల్ల గమ్, రెండేసి చెంచాల నీళ్లు కలపండి. సీసా మీద పీవీఏ (PVA, పాలీవినైల్ ఎసిటేట్) అని ఉన్న గమ్మే కొనండి. ఇక వెలిగారం నీళ్లు మొదటి దాంట్లో ఒక చెంచా, రెండో దాంట్లో మూడు, మూడో దాంట్లో ఆరు పోయండి. కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతూ ఉండాలి. గమ్‌ను బట్టి లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది.

మొదటిది రాగి జావలా జారుతుంది. రెండోది సంకటి ముద్దలా చేతికొస్తుంది. మూడోది బిగుసుకుని, నీళ్లు కక్కి, లాగితే తెగుతుంది. మూడింట్లోనూ గమ్ ఒక్కటే, మారింది ముడులే. గమ్ అణువులు పొడుగాటి దారాలు. వెలిగారం రెండు దారాలను పట్టి కడుతుంది. ముడులు పెరిగేకొద్దీ దారాలకు జారే చోటు తగ్గుతుంది.

రెండో ముద్దతో కాసేపు ఆడుకోండి. మెల్లగా లాగితే సాగుతుంది, విసురుగా లాగితే పుటుక్కుమంటుంది. రాత్రి పళ్లెంలో వదిలేస్తే తెల్లారేసరికి పరుచుకుని ఉంటుంది. ఈ ముడులు ఊడుతూ మళ్లీ పడుతూ ఉండే రకం మరి.

రబ్బరులో గంధకం వేసే ముడి అలా ఊడదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టింది దాన్నే. వంద పాళ్ల రబ్బరుకు రెండు మూడు పాళ్ల గంధకం వేసి ఉడికిస్తే సాగి వెనక్కొచ్చే రబ్బరు అవుతుంది. ముప్పై పాళ్ల దాకా వేస్తే ఎబొనైట్, అంటే రాజమండ్రి రత్నం పెన్ను గొట్టమంత గట్టిది. తిరుమల ఘాట్ ఎక్కి దిగి అరిగిన బస్సు టైరును కరిగించి మళ్లీ టైరు పోయలేకపోవడానికి కారణం కూడా ఆ ముడే.

వెలిగారం నోట్లోకి పోకూడదు. చంటిపిల్లల దగ్గర ఈ పని వద్దు, చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ గ్లాసులు మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి. అడుగున అంటుకున్నది సబ్బుకు లొంగదు. నిమ్మరసం పిండండి. పులుపుకు ముడులు విడిపోయి, గమ్ మళ్లీ నీళ్లలా కారిపోతుంది.