కుక్కకి బంతి కొంటున్నారా? నీలం తీసుకోండి

షాపుల్లో ఎర్ర బంతులే ఎక్కువ, అవి మన కంటికి నచ్చేలా చేసినవి. కుక్క కంట్లో రంగుల్ని పట్టే కోన్ కణాలు రెండు రకాలే (మనకు మూడు): ఒకటి నీలి-ఊదా కాంతికి (తరంగదైర్ఘ్యం సుమారు 430 నానోమీటర్లు), రెండోది పసుపు-ఆకుపచ్చ కాంతికి (సుమారు 555) బాగా స్పందిస్తాయి. అందుకే పచ్చగడ్డి దానికి పసుపు ఛాయలో, ఎరుపు మసక గోధుమరంగులో కనిపిస్తాయి. గడ్డిలో ఆగిపోయిన ఎర్ర బంతిని ముక్కుతో వెతుక్కోవాల్సిందే. పసుపు బంతి కూడా, మనకెంత మెరిసినా, గడ్డిలో చాలావరకు కలిసిపోతుంది. మరీ ముదురు కాని నీలం ఎంచుకోండి. ఎండుగడ్డి మీదా, ఎర్రమట్టి మీదా అదే పనికొస్తుంది. బంతిని దొర్లించండి, కదిలేదాన్ని కుక్క చప్పున పసిగడుతుంది. ఇంట్లో నీలం తివాచీ ఉంటే మాత్రం అక్కడికి పసుపు బంతి.