స్థానం మార్చి ఆడించడం వల్లే గాయమైందా? నిర్ధారించుకునే పద్ధతి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఒక ఆటగాడు తనది కాని స్థానంలో ఆడుతూ గాయపడితే, అక్కడ ఆడించడమే కారణమన్న మాట వెంటనే వినిపిస్తుంది. ఆ మాటను నమ్మడానికీ, కొట్టిపారేయడానికీ ముందు కొన్ని విషయాలను ఓపికగా పరిశీలించాలి. ఇందుకు ఎన్‌బీఏ ఆటగాడు ఆంథనీ డేవిస్ ఉదాహరణ బాగా పనికివస్తుంది. రింగుకు అతి దగ్గరగా ఆడే సెంటర్‌గా కన్నా, దాని పక్క స్థానమైన పవర్ ఫార్వర్డ్‌గా ఆడడమే తనకు ఇష్టమని ఆయన బహిరంగంగానే చెప్పారు.

ముందుగా స్థానం పేరును పక్కనపెట్టి, శరీరం చేసే పనిలో ఏం మారిందో రాసుకోండి. సెంటర్‌గా ఆడేవాడు రింగు కింద బరువైన ప్రత్యర్థులను కాచుకుంటూ, స్క్రీన్‌లు పెడుతూ (సహచరుడికి దారి దొరికేలా ప్రత్యర్థికి అడ్డంగా నిలబడుతూ), షాట్లను అడ్డుకోవడానికి పదేపదే ఎగిరి, నలుగురి కాళ్ల మధ్య నేల మీదికి దిగాలి. అదే పొడగరిని బయటి గీత దగ్గరికి పంపితే ఒంటి తాకిడి తగ్గుతుంది కానీ, వేగంగా పక్కకు జరగడం, ఉన్నపళంగా ఆగి దిశ మార్చడం ఎక్కువవుతాయి. జట్టు పట్టికలో రాసిన స్థానం కన్నా అతడు ఎవరిని కాచుకున్నాడన్నదే ముఖ్యం. 2013-14 సీజన్ నుంచి ఎన్‌బీఏ అరీనాలన్నింటిలో ఆటగాళ్ల కదలికలను కొలిచే కెమెరాలు ఉన్నాయి కాబట్టి, పరుగెత్తిన దూరం వంటి వివరాలు అభిమానులకూ అందుబాటులో ఉన్నాయి.

తర్వాత గాయపడిన క్షణాన్ని వీడియోలో చూడండి. 2022 ఫిబ్రవరిలో యూటా జట్టుతో ఆడుతూ డేవిస్ గాలిలోంచి దిగినప్పుడు ప్రత్యర్థి రూడీ గోబేర్ పాదం మీద కాలు పడి పాదం మధ్య భాగం బెణికింది. రింగు దగ్గర ఎగిరే ఎవరికైనా ఇలా జరగవచ్చు. రింగు కింద గడిపే సమయం పెరిగితే ఇలాంటి అవకాశాలూ పెరుగుతాయని అనవచ్చు గానీ, ఈ ఒక్క గాయానికి స్థానమే కారణమని అనలేము.

పాత గాయాల సంగతి అన్నింటికన్నా జాగ్రత్తగా చూడాలి. 2025 ఫిబ్రవరి 8న డల్లాస్ జట్టు తరఫున తొలి ఆట ఆడినప్పుడు డేవిస్ తాను కోరుకున్న పవర్ ఫార్వర్డ్ స్థానంలోనే, మరో సెంటర్ పక్కన ఆడారు. అయినా మూడో క్వార్టర్‌లో గజ్జ కండరం పట్టేసింది. పొత్తికడుపు కండరం గాయం నుంచి ఆయన అప్పుడే తిరిగివచ్చారు. అంతకుముందు 2023-24లో లేకర్స్ జట్టుకు ప్రధానంగా సెంటర్‌గా ఆడుతూ 76 ఆటలు పూర్తిచేశారు. అప్పటికి ఆయన కెరీర్‌లో అదే అత్యధికం. స్థానమే అసలు కారణమైతే ఈ రెండు సీజన్ల లెక్క తలకిందులుగా ఉండాలి.

వ్యతిరేక ఉదాహరణలను కూడా జల్లెడపట్టాలి. 6 అడుగుల 5 అంగుళాల పి.జె. టక్కర్ 2019-20 సీజన్ చివరి భాగంలో హ్యూస్టన్ జట్టుకు సెంటర్‌గా ఆడుతూ కూడా ఆ సీజన్ లీగ్ దశలోని 72 ఆటల్లో ఒక్కటీ వదల్లేదు. అయితే తట్టుకోగల దేహం ఉందనే కోచ్‌లు అలాంటివారిని ఆ పనికి ఎంచుకుంటారు కాబట్టి, ఆ పని అందరికీ క్షేమమని దీన్నిబట్టి తేల్చకూడదు.

చివరగా, మార్పు ఎప్పుడు, ఎలా వచ్చిందో చూడండి. సీజన్‌కు ముందే చెప్పి, శిక్షణనూ బరువునూ అందుకు తగ్గట్టు మార్చుకునే వ్యవధి ఇస్తే అది ఒక రకం. సహచరుడు గాయపడ్డాడని రాత్రికి రాత్రే మార్చి, ఆడే నిమిషాలూ పెంచితే అది పూర్తిగా వేరు. నా దృష్టిలో అసలు అనుమానించవలసింది ఈ రెండో రకాన్నే. అయితే అందులో పెరిగిన నిమిషాలే కారణం కావచ్చు కాబట్టి, మార్పుకు ముందూ తర్వాతా వారానికి ఎన్ని నిమిషాలు ఆడాడో, వరుస రోజుల్లో ఎన్ని ఆటలు పడ్డాయో పక్కపక్కన రాసుకుని, నిమిషాలు పెద్దగా మారకుండా పని స్వభావం మాత్రమే మారినప్పుడే స్థానం మీద నింద మోపండి.