ఫేస్‌బుక్‌లో మొదటి వారం: గోదావరి జిల్లాల కొత్తవాళ్లు ఏది ముందు చేయాలి, ఏది తర్వాత

ఫేస్‌బుక్ కొత్తగా తెరిచినవాళ్లు మొదటి పూట దాదాపు ఒకే మాట అంటారు: "మావాళ్లు ఒక్కరూ కనపడలేదు గానీ, ఎవరెవరో డాన్సులు చేస్తున్నారండి." కువైట్‌లో ఉన్న కూతురి ఫొటోలు చూద్దామనో, రాజోలు హైస్కూల్లో కలిసి చదివినవాళ్లు దొరుకుతారనో తెరిస్తే, తెర నిండా ముక్కూమొహం తెలియని మనుషుల వీడియోలు, ప్రకటనలు. అందులో మీ తప్పేమీ లేదు. మీ మనుషులెవరో ఫేస్‌బుక్‌కి ఇంకా తెలియదు, కాబట్టి పదిమందీ చూసేదే మీకూ చూపిస్తుంది. ఆ తర్వాత మీరు దేని దగ్గర ఆగారో, ఏది నొక్కారో చూసి అలాంటివే ఇంకా తెస్తుంది. కోడిపందెం వీడియో ఒకటి చివరిదాకా చూశారంటే మర్నాడు అవే వరసగా వస్తాయి.

అందుకే మొదటి వారంలో వరస ముఖ్యం. ముందు తలుపులు వేసుకోవాలి, తర్వాత మనుషుల్ని ఏరుకోవాలి, మాట్లాడటం ఆ తర్వాత. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఫొటో పెట్టి, స్నేహం చేస్తామంటూ వచ్చిన రిక్వెస్టులన్నీ ఒప్పుకుని, సెట్టింగ్స్ సంగతి ఏదో మోసం జరిగాక చూస్తారు.

ఖాతా తెరిచేటప్పుడు

ప్లేస్టోర్‌లో యాప్ పేరు కింద "మెటా ప్లాట్‌ఫామ్స్" అని ఉంటేనే దించుకోండి. ఫోన్ పాతదై, అందులో జాగా తక్కువుంటే ఫేస్‌బుక్ లైట్ అనే తేలికపాటి యాప్ చాలు. వయసు 13 నిండి ఉండాలి.

సెల్ నంబరు మీ పేరున, మీ చేతిలో ఉన్న సిమ్‌దే ఇవ్వండి. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మస్కట్‌లోనో దోహాలోనో పనిచేసినప్పుడు అక్కడి నంబరుతో ఖాతా తెరిచి, ఊరు వచ్చేశాక ఆ సిమ్ ఆగిపోతే, పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజున కోడ్ వచ్చే దారి ఉండదు. రెండోది, సెల్ షాపులో కుర్రాడు తన మెయిల్ పెట్టి తెరిచి ఇవ్వడం. అలా తెరిచిన ఖాతాకి తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. ఇప్పటికే అలా జరిగి ఉంటే, సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కి వెళ్లి మీ నంబరు చేర్చి, కోడ్‌తో ఖాయం చేసుకుని, అప్పుడు అతని మెయిల్ తీసేయండి. ముందే తీసేస్తే మీరే బయట పడిపోతారు.

పేరు ఆలోచించి రాయండి. ఒకసారి మారిస్తే మళ్లీ 60 రోజుల దాకా మార్చనివ్వదు. మన వైపు ఇంటిపేరు పొడి అక్షరంగా రాసుకోవడం అలవాటు గానీ, ఇక్కడ పూర్తిగా రాయడమే మేలు. అన్నవరం స్వామి దయవల్ల గోదావరి జిల్లాల్లో సత్యనారాయణలకు కొదవ లేదు. ఇంటిపేరు లేకపోతే మీ బాల్యస్నేహితుడు వాళ్లందరిలో మిమ్మల్ని పోల్చుకోలేడు.

తర్వాత యాప్ మీ ఫోన్‌లోని కాంటాక్ట్స్ అడుగుతుంది. ఇక్కడ "వద్దు" నొక్కండి. ఎరువుల కొట్టు, చెరువుకి మేత తెచ్చే ఏజెంటు, ఆసుపత్రి, పిల్లల ట్యూషన్ మాస్టారు, అందరి నంబర్లూ దానికి చేరతాయి. "మీకు తెలిసినవాళ్లు కావచ్చు" అంటూ వాళ్లనే మీ ముందు పెడుతుంది. మీవాళ్లను పేరుతో వెతుక్కుంటే సరిపోతుంది.

ముందు వేసుకోవాల్సిన గడియలు

మెనూలో సెట్టింగ్స్ తెరిచి, ఇతరులు మిమ్మల్ని ఎలా వెతకొచ్చు, ఎలా పలకరించొచ్చు అన్న భాగానికి వెళ్లండి. ఫ్రెండ్స్ జాబితా ఎవరికి కనపడాలి అన్నచోట "ఓన్లీ మీ" (నాకు మాత్రమే) పెట్టండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకో కింద చెబుతాం. నంబరుతో మిమ్మల్ని వెతికే వీలు కూడా "ఓన్లీ మీ" చేయండి. రిక్వెస్టులు "ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్స్" (మీ స్నేహితుల స్నేహితులు) నుంచే వచ్చేలా పెట్టొచ్చు గానీ, అది నలుగురైదుగురు సొంతవాళ్లు చేరాక పెట్టుకోండి. మొదటే పెడితే మిమ్మల్ని వెతికి పట్టుకున్న పాత స్నేహితుడు కూడా రిక్వెస్టు పంపలేడు. పుట్టినతేదీ, సెల్ నంబరు ఎవరికీ కనపడకుండా ప్రొఫైల్‌లో మార్చుకోవాలి.

ప్రొఫైల్ పేజీలో మూడు చుక్కలు నొక్కితే "లాక్ ప్రొఫైల్" ఉంటుంది. ఇది మన దేశంలో 2020లో వచ్చింది. లాక్ చేస్తే ఫ్రెండ్స్ కానివాళ్లు మీ పోస్టులు చూడలేరు, మీ ప్రొఫైల్ ఫొటోని పెద్దది చేసి చూడలేరు. ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు దీన్ని మొదటి రోజే చేసుకోవడం మంచిది. కొబ్బరి పీచు, మొక్కలు, పూతరేకులు అమ్ముకునేవాళ్లకు మాత్రం లాక్ అడ్డమే. వాళ్లు వ్యాపారానికి విడిగా పేజీ తెరిచి, సొంత ప్రొఫైల్ లాక్ చేసుకోవాలి.

ఆపైన టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్. అకౌంట్స్ సెంటర్‌లో పాస్‌వర్డ్, సెక్యూరిటీ అన్నచోట ఉంటుంది. ఇది పెట్టాక పాస్‌వర్డ్ తెలిసినవాడైనా కొత్త ఫోన్ నుంచి లోపలికి రావాలంటే కోడ్ కావాలి. ఫోన్‌కి కోడ్ రానప్పుడు వాడుకోవడానికి అక్కడే 10 రికవరీ కోడ్లు ఇస్తుంది. వాటిని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకుంటే ఫోన్ పోయిన రోజున అవీ పోతాయి. కాగితం మీద రాసి పాస్‌బుక్కుల దగ్గర ఉంచండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది.

మనుషుల్ని వెతకడం

మన పేర్లకు ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తారు. లక్ష్మికి "కె ఎస్ హెచ్" రాసేవాళ్లుంటారు, "ఎక్స్" రాసేవాళ్లుంటారు. వెంకటేశ్వరరావుకి "హెచ్" ఉన్నా ఉండొచ్చు, లేకపోయినా లేకపోవచ్చు. ఒక రాతకు దొరకలేదని లేరనుకోకండి, మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడండి, తెలుగులోనూ కొట్టండి. ఊర్ల సంగతీ అంతే. రాజమండ్రి అని పెట్టినవాళ్లుంటారు, రాజమహేంద్రవరం అని పెట్టినవాళ్లుంటారు. పాలకొల్లుకి "పాలకోల్" అన్న పాత రాత వాడేవాళ్లున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినా, పాత ప్రొఫైళ్లలోనూ గ్రూపుల పేర్లలోనూ అమలాపురం, కాకినాడ ఇంకా తూర్పుగోదావరి కిందే కనపడతాయి.

దొరికిన మనిషి అసలు మనిషేనా? ఫొటో ఒక్కటీ చాలదు. ఖాతాలో పాత సంవత్సరాల పోస్టులున్నాయా, వాటి కింద ఊరివాళ్లు ఊరి మాటలతో పలకరించారా, మీ ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు, చూడండి. నిన్నగాక మొన్న తెరిచి, రెండే ఫొటోలతో ఉన్న ఖాతా అయితే ఒక ఫోన్ కొట్టి అడగండి. ఇప్పటికే మీ ఫ్రెండ్‌గా ఉన్న మనిషి నుంచి రెండోసారి రిక్వెస్టు వస్తే, అది నూటికి తొంభై పాళ్లు దొంగ ఖాతాయే.

కొత్తవాళ్లను కంగారు పెట్టేది ఇంకొకటుంది. ఎప్పుడూ వెతకని మనిషి, పొలం గట్టు తగాదాలో ఉన్న పక్క రైతు కూడా, "తెలిసినవాళ్లు కావచ్చు" జాబితాలో ప్రత్యక్షమవుతాడు. ఫోన్ మన మాటలు వింటోందని అనుకోనక్కర్లేదు. అతని ఫోన్‌లో మీ నంబరు ఉండి, అతను కాంటాక్ట్స్ ఇచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ ఉమ్మడి స్నేహితులు ఉండొచ్చు. ఒకే బడి పేరు రాసి ఉండొచ్చు. ఒకే గ్రూపులో చేరి ఉండొచ్చు. పక్కనున్న గుర్తు నొక్కి తీసేయండి. తీసేసినట్టు అతనికి తెలియదు.

మొదటి వారానికి 20, 30 మంది దాటకపోతేనే బాగుంటుంది. హద్దు 5000 దాకా ఉంది గానీ, తొందరపడి నింపుకుంటే సొంత చెల్లెలి పోస్టు ఆ రద్దీలో కిందికి పోతుంది.

చూసేది మీ చేతిలో ఉంచుకోవడం

మెనూలో "ఫీడ్స్" నొక్కి, అందులో "ఫ్రెండ్స్" ఎంచుకుంటే మీవాళ్లు పెట్టినవి వేళ వరసలో వస్తాయి. అసలు చాలామంది వెతుక్కునేది ఇదే, ఎక్కడుందో తెలియక రోజంతా రీల్స్ అనే చిన్న వీడియోలు చూస్తూ కూర్చుంటారు. తప్పకుండా చూడాల్సినవాళ్లను "ఫేవరెట్స్"లో పెట్టండి, 30 మంది దాకా పెట్టొచ్చు. రోజుకు పదిసార్లు పెట్టి విసిగించే బంధువుని "స్నూజ్" చేస్తే 30 రోజులు కనపడరు. "అన్‌ఫాలో" చేస్తే స్నేహం ఉంటుంది, పోస్టులు మాత్రం రావు. ఏది చేసినా వాళ్లకు కబురు వెళ్లదు, కాబట్టి పెళ్లిళ్లలో మొహం చాటేయక్కర్లేదు.

వీడియోలు వాటంతటవే ఆడుతుంటే రోజుకు 1.5 జీబీ ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంది. సెట్టింగ్స్‌లో మీడియా కింద ఆటోప్లే ఆపేయండి.

రాయడం, పలకరించడం

తెలుగు తెలుగులోనే రాయండి. జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) సెట్టింగ్స్‌లో భాషలకు వెళ్లి తెలుగు చేర్చుకుంటే అచ్చు తెలుగు మీటలు, వేలితో రాయడం, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగుగా మారడం, మూడూ వస్తాయి. ఏదీ కుదరకపోతే మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. పేర్లు మాత్రం తప్పు రాస్తుంది, పంపేముందు చూసుకోండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టిన శుభలేఖ మేటర్ తెచ్చి అతికిస్తే పిచ్చి అక్షరాలు పడతాయి. అది యూనికోడ్ (ఫోన్లన్నీ చదవగలిగే అక్షర పద్ధతి) కాదు. మళ్లీ కొట్టించుకోవాలి, లేదా కార్డు ఫొటో పెట్టాలి.

ఎదురుగా మాట్లాడేటప్పుడు మన యాసలో "అండీ" అన్న ఒక్క మాట ఎంత గట్టి మాటనైనా మెత్తబరుస్తుంది. రాతలో గొంతు వినపడదు. అందుకని తెలియనివాళ్లకు "గారు" వదలొద్దు. అత్తవారి తరఫువాళ్ల ఫొటో కింద వేళాకోళం రాసేముందు, దాన్ని వాళ్ల ఊరంతా చదువుతుందని గుర్తుంచుకోండి.

చావు కబురు విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాం. గల్ఫ్‌లో ఉన్న కొడుకు తండ్రి పోయిన సంగతి ఫేస్‌బుక్‌లో చూసి తెలుసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. ఇంటివాళ్లు పెట్టేదాకా మీరు పెట్టకండి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక, దుబాయ్, మస్కట్ గంటన్నర. మనకు తెల్లవారేసరికి వాళ్లింకా నిద్రలో ఉంటారు, లేచీ లేవగానే ఫోనే చూస్తారు. అలాంటి పోస్టుకి బొటనవేలు గుర్తు నొక్కకండి. దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే విచారం గుర్తు వస్తుంది. ఓ మాట రాసి, వీలైతే ఫోన్ చేయండి.

మోసాలు ఎలా వస్తాయి

ఫ్రెండ్స్ జాబితా దాచమన్నది ఇందుకు. దొంగ మీ ఫొటో, పేరు తీసుకుని రెండో ఖాతా తెరుస్తాడు. జాబితా బయటికి కనపడితే అందులో ప్రతి ఒక్కరికీ రిక్వెస్టు పంపి, మెసెంజర్లో "అర్జెంటుగా డబ్బు కావాలి, సాయంత్రం ఇచ్చేస్తాను" అంటాడు. జాబితా కనపడకపోతే ఎవరికి పంపాలో వాడికి తెలియదు. మీ పేరున అలాంటిది వచ్చిందని తెలిస్తే, ఆ దొంగ ప్రొఫైల్ తెరిచి మూడు చుక్కల్లో రిపోర్ట్ నొక్కి, ఇతరుల పేరుతో నటిస్తున్నారన్న కారణం, అందులో "నేనే" ఎంచుకోండి. మీవాళ్లు నలుగురి చేతా రిపోర్ట్ చేయించండి.

ఏదైనా అమ్మకానికి పెట్టినప్పుడు కొనేవాడు బేరమాడకుండా ఒప్పుకుని క్యూఆర్ పంపితే ఆగండి. డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బే పోతుంది. పోయిన వెంటనే, మర్నాటికి వాయిదా వేయకుండా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా బ్యాంకుల్లో తిరుగుతుండగా చెబితేనే ఆపే వీలుంటుంది. ఆడవాళ్ల ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బెదిరింపు మెసేజీలు చెరపకండి, స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

గల్ఫ్ ఉద్యోగాల ప్రకటన కనపడితే ఏజెంటు లైసెన్సు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్లో చూడాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే ఒప్పుకోకండి.

గోదావరి పొంగిన రోజుల్లో

వరద రోజుల్లో లంకల్లో ఉన్నవాళ్లకు ఈ ఖాతా చాలా పనికొస్తుంది, చెడ్డగా భయపెడుతుంది కూడా. 2022 జూలై వరద వీడియోని ఈ రోజుదని మళ్లీ పెట్టడం ఎవరికైనా నిమిషం పని. "గట్టుకి గండి పడింది" అన్న పోస్టు చూస్తే ముందు తేదీ, ఊరు వెతకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో దాన్నిబట్టి సరిచూసుకోండి: మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మట్టం 10 అడుగులుండగా ఊరు మునిగిందన్న వీడియో వస్తే అది పాతదో, వేరే చోటుదో అని అనుమానించాలి. ఊరి సచివాలయానికి ఫోన్ చేసి అడిగాకే పంచండి.

కులాల మధ్య మంట పెట్టే పోస్టుల విషయంలో ఇంకా జాగ్రత్త. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రాసినవాడితో పాటు పంచినవాడూ పోలీసులకు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

సంక్రాంతికి ఇంటిల్లిపాదీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే ఫొటోలు ఎన్నైనా తీయండి, పెట్టడం మాత్రం ఇంటికొచ్చి తాళం తీశాక. ఇల్లు ఖాళీగా ఉందని ఊరందరికీ తెలియనక్కర్లేదు. 

వారం చూశాక మీకు పనికిరాదనిపిస్తే యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. అకౌంట్స్ సెంటర్‌లో డీయాక్టివేట్ చేస్తే దాగి ఉంటుంది, ఎప్పుడు లాగిన్ అయితే అప్పుడు తిరిగొస్తుంది. డిలీట్ చేస్తే 30 రోజుల గడువుంటుంది. ఈలోపు ఒక్కసారి లాగిన్ అయి రద్దు చేస్తే ఖాతా నిలబడుతుంది. డిలీట్ నొక్కేముందు మీ ఫొటోలు దించుకోండి, గడువు దాటాక అవి మళ్లీ రావు.