డయాలసిస్ రోజుల మధ్య తెరచాప పడవ: ఒక టైలర్ పద్ధతి

ఈ పడవ పొడవు 40 సెంటీమీటర్లు. మోటారు, రిమోట్ ఏమీ ఉండవు, గాలికి నడుస్తుంది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు వెళ్లే మనిషి ఇంట్లో కూర్చుని, పూటకు అరగంటో ముప్పావుగంటో పని చేస్తూ కట్టుకోగలిగేలా రాస్తున్నాను. నేను అనంతపురంలో జాకెట్లు, డ్రెస్సులు కుట్టే టైలర్‌ని. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళాన్ని ఫిస్టులా అంటారు, నాకది ఎడమ చేతికి ఉంది. డయాలసిస్ మొదలయ్యాక పెళ్లిళ్ల సీజన్ పని ఒప్పుకోవడం మానేశాను. ఫలానా తేదీకి ఇస్తానని మాట ఇచ్చి, ఆ రోజు లేవలేకపోతే వచ్చే టెన్షన్ నాకు పడదు. పడవకు తేదీ లేదు. పైగా ఇందులో సగం పని జిగురు ఆరడమే. ఆ సగాన్ని డయాలసిస్ రోజులకు, మిగతా సగాన్ని మంచి రోజులకు పెట్టుకుంటే చాలు. ఈ పద్ధతి మొత్తం దాని మీదే నడుస్తుంది.

ముందు చేతి సంగతి

ఫిస్టులా ఉన్న చేతిని పట్టుకోవడానికే వాడండి, బలం పెట్టడానికి కాదు. చెక్కను ఆ మోచేతి కింద నొక్కిపెట్టి కోయకూడదు. చెక్కను బల్లకు క్లాంపుతో బిగించండి, క్లాంపు తిప్పడం మంచి చేత్తోనే చేయండి. బ్లేడు ఎప్పుడూ ఆ చేతికి దూరంగా జరగాలి తప్ప దాని వైపు రాకూడదు. పొడుగు చేతుల మందపాటి చొక్కా వేసుకోండి, కానీ మణికట్టు దగ్గర బిగుతు ఉండకూడదు. పొరపాటున ఆ చేతికి తెగితే గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి ఆ రోజు చిన్న గాటు పడినా రక్తం ఆగడానికి చాలాసేపు పడుతుంది. అందుకే ఆ రోజు బ్లేడు, రంపం, సూది ఏదీ ముట్టవద్దు. బయలుదేరే ముందు రెండు ముక్కలకు జిగురు పూసి, బరువు పెట్టి వెళ్లండి. మంచం మీద ఆ నాలుగు గంటలు ఖాళీగా ఉన్న చేత్తో పటం చూసుకోవచ్చు, కొలతలు రాసుకోవచ్చు. తిరిగొచ్చాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతుంటాయి, ఇక ఆ పూట పడుకోవడమే. కోసే పని, చెక్కే పని మరుసటి రోజుకు పెట్టుకోండి. నాకైతే మరుసటి రోజు పొద్దున పది లోపు ఒంట్లో అన్నిటికన్నా బాగుంటుంది. ఎండెక్కాక పని చేస్తే దాహం వేస్తుంది, తాగే నీళ్లకు మనకు లెక్క ఉంటుంది కదా.

ఇంకో మాట. పడవ పుస్తకాలు చాలావరకు అడుగున బరువుకు సీసం కరిగించి పోయమంటాయి. మనం సీసం జోలికి పోకూడదు. అది కిడ్నీలను పాడుచేసే లోహం, ఉన్న కాస్త కిడ్నీని కాపాడుకోవాలి. ఇనుముతోనే పని జరుగుతుంది, ఎలాగో కింద చెబుతాను.

ఎంత పెద్ద పడవ

పోటీల్లో నడిపే ఇంటర్నేషనల్ వన్ మీటర్ రకం పడవ చూస్తే ఎవరికైనా అదే కట్టాలనిపిస్తుంది. దాని బరువు కనీసం 4 కిలోలు ఉండాలని నియమం. అంత బరువు చెరువు గట్టు నుంచి వంగి, నీళ్లలోకి దించి, మళ్లీ ఎత్తాలి. మన చేతికి అది వద్దు. 40 సెంటీమీటర్ల పడవ మొత్తం 420 గ్రాముల దాకా వస్తుంది, ఒక చేత్తో తీయొచ్చు.

చిన్న పడవలో ఒక చిక్కుంది. పడవను సగానికి తగ్గిస్తే గాలి దాన్ని పడదోసే శక్తి 8 వంతుల్లో ఒక వంతు అవుతుంది. నిలబెట్టే శక్తి మాత్రం 16 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. అందుకే పెద్ద పడవ ఫొటో చూసి అచ్చం అలాగే చిన్నది చేస్తే మొదటి గాలికే పక్కకు ఒరిగిపోతుంది. చిన్నదానికి అడుగున రెక్క లోతుగా ఉండాలి, బరువు ఆ రెక్క చివర ఉండాలి. చూడ్డానికి మరీ పొడుగనిపించినా కురచ చేయొద్దు.

పడవ ఒళ్లు

బాల్సా చెక్క వాడండి. అనంతపురంలో షాపుల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. 10 మిల్లీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు, సుమారు 90 సెంటీమీటర్ల పొడవు ఉండే పలకలు మూడు, పైకప్పుకు 2 మిల్లీమీటర్ల పలక ఒకటి చాలు. టేకు, వేప మన చేతులకు బరువు. బాల్సా కటర్ బ్లేడుతోనే తెగుతుంది.

పొరల మీద పొరలు అంటించి చెక్కే పద్ధతి ఇది. ఐదు పొరలు, అంటే 5 సెంటీమీటర్ల లోతు. పటానికి న్యూస్ పేపర్ తీసుకుని, మేము జాకెట్టు కటింగ్‌కు మడిచినట్టే పొడుగునా మడవండి. మడత దగ్గర నుంచి సగం వెడల్పు గుర్తు పెట్టి కత్తిరిస్తే రెండు వైపులా సమానంగా వస్తుంది. పై పొర కొలతలు: ముక్కు దగ్గర సున్నా. అక్కడి నుంచి ప్రతి 5 సెంటీమీటర్లకు సగం వెడల్పు 1.8, 3.2, 4.2, 4.8, 5, 4.8, 4.3, చివర 3.6 సెంటీమీటర్లు. రెండో పొరకు ఈ సగం వెడల్పులో 2 మిల్లీమీటర్లు, మూడోదానికి 6, నాలుగోదానికి 13 తగ్గించండి. మూడోది 36, నాలుగోది 32 సెంటీమీటర్ల పొడవు. అడుగు పొర 24 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఆకు ఆకారం.

అంటించే ముందే అడుగు రెండు పొరలు తప్ప మిగతా వాటికి మధ్యలో కోసి తీసేయండి, చుట్టూ 12 మిల్లీమీటర్ల అంచు మిగలాలి. మామూలు ఫెవికాల్ నీళ్లకు ఊడుతుంది, ఫెవికాల్ మెరైన్ తెచ్చుకోండి. రోజుకు ఒక పొర అంటించడం చాలు. పైన పుస్తకాలు పెట్టి వదిలేయండి.

తర్వాత మెట్లను చెక్కి నున్నగా చేయడం. ఈ పని మూడు నాలుగు రోజులకు పంచుకోండి. ముందు బ్లేడుతో మెట్ల అంచులు తీయండి, తర్వాత 80 నంబరు గరుకు కాగితం, ఆపైన 180. గరుకు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి రుద్దితే వేళ్లు నొప్పి పుట్టవు. ఎన్95 మాస్కు తప్పనిసరి, వీలైతే వాకిట్లో కూర్చోండి. ఎంత చెక్కాలో కంటితో కాదు, వేలితో చూడండి. కళ్లు మూసుకుని ముక్కు నుంచి వెనక దాకా రెండు వైపులా ఒకేసారి రెండు చేతుల వేళ్లు జరిపితే తేడా తెలిసిపోతుంది.

రెక్క, బరువు

అల్యూమినియం కిటికీలు చేసే షాపులో 2 మిల్లీమీటర్ల రేకు ముక్క అడగండి, 5 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల పొడవు. ఇది పడవ లోపలికి 4 సెంటీమీటర్లు పోయి, కింద 17 సెంటీమీటర్లు కనబడాలి. బరువుకు ఇల్లు కడుతున్న చోట 16 ఎంఎం స్టీలు కడ్డీ ముక్క 15 సెంటీమీటర్లది అడగండి. ఏ బేల్దారి మేస్త్రినడిగినా లెక్క చెబుతాడు: కడ్డీ మందాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 16 ఎంఎంకు 1.58 కిలోలు, కాబట్టి మన ముక్క 237 గ్రాములు. పడవ బరువులో సగం కన్నా ఎక్కువ ఇదే.

వెల్డింగ్ షాపులో ఆ కడ్డీకి పొడుగునా చిన్న గాడి పెట్టించి, రేకు కొసను అందులో దూర్చి అరాల్‌డైట్‌తో అంటించండి. గ్లౌజులు వేసుకోండి. రాత్రంతా కదపకూడదు, అంటే ఇది డయాలసిస్ ముందు రోజు సాయంత్రం పని. ఆరాక కడ్డీ మొత్తానికి ఎనామెల్ పెయింట్ వేయాలి, లేకపోతే తుప్పు పడుతుంది.

రెక్క మధ్యభాగం ముక్కు నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర పడేలా అడుగున సన్నని గాడి కోసి, లోపల రెండు వైపులా ప్లైవుడ్ ముక్కలు ఆనించి అరాల్‌డైట్ పెట్టండి. వెనక చివర చుక్కాని, చిన్న రేకు ముక్క, 6 సెంటీమీటర్ల పొడవు చాలు. దాన్ని చేత్తో కొద్దిగా వంచగలిగేలా ఉంచండి. తెరచాప కొయ్య నిలబెట్టడానికి 14, 15, 16 సెంటీమీటర్ల దగ్గర మూడు బొక్కలున్న చెక్క లోపల అంటించి, అప్పుడు పైకప్పు వేయండి. కప్పుకూ అవే బొక్కలు. లోపల వార్నిష్ కప్పు వేయకముందే, బయట వేశాక, రెండేసి పూతలు. వార్నిష్, థిన్నర్ వాసన గదిలో పీల్చకూడదు, డాబా మీదే ఆ పని.

తెరచాపలు

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. పాత గొడుగు గుడ్డ తీసుకోండి. తేలిక, నీళ్లు పీల్చదు, పాడైన గొడుగు ఏ ఇంట్లోనైనా ఉంటుంది. వెనక పెద్ద తెరచాప: కొయ్య వెంబడి 48 సెంటీమీటర్లు, అడుగున 18. ముందు చిన్నది: ముందంచు 38, అడుగున 11. రెండూ త్రికోణాలే.

గుడ్డను ఎలా పడితే అలా కత్తిరిస్తే పడవ పోదు. తెరచాపకు వెనక అంచు గాలిలో స్వేచ్ఛగా ఉంటుంది, దాన్ని ఏదీ పట్టుకోదు. ఆ అంచు గుడ్డ నిలువు పోగు వెంబడి రావాలి. క్రాస్ మీద, అంటే పోగుకు ఏటవాలుగా వస్తే రెండు సార్లు గాలి తగలగానే సాగి, అంచు రెపరెపలాడుతుంది.

రెండోది, తెరచాప బల్లపరుపుగా ఉండకూడదు, కొంచెం పొట్ట ఉండాలి. జాకెట్టుకు డార్టు వేస్తే గుడ్డకు గుండ్రం వచ్చినట్టు, ఇక్కడ కొయ్యకు తగిలే అంచును తిన్నగా కాకుండా మధ్యలో 3, 4 మిల్లీమీటర్లు బయటికి వంపుగా కత్తిరిస్తాం. ఆ వంపు అంచును తిన్నని కొయ్యకు కడితే ఎక్కువైన గుడ్డ లోపలికి జరిగి పొట్ట అవుతుంది. అడుగు 18 సెంటీమీటర్లకు పొట్ట లోతు ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే సరిపోతుంది. వేలితో నొక్కి స్కేలు పెట్టి చూసుకోండి.

అంచులు మడిచి కుట్టకండి. ఇంత పల్చటి గుడ్డకు మిషన్ కుట్టు వేస్తే ముడతలు వస్తాయి, ముడత ఉన్న చోట గాలి తిరగబడుతుంది. స్టీలు స్కేలు ఆనించి, వెలిగించిన అగరబత్తి కొసతో గీత గీస్తే గుడ్డ తెగుతుంది, పోగులు కూడా కరిగి అతుక్కుంటాయి. మూలలకు మాత్రం రెండో పొర గుడ్డ అంటించి, చేత్తో దారం వేయండి.

కొయ్యకు మేదరవాళ్ల దగ్గర ఎండిన వెదురు బద్ద, 55 సెంటీమీటర్లు, 6 మిల్లీమీటర్ల మందం. తెరచాపల అడుగున సన్న వెదురు పుల్లలు. వీటిని వదలడానికి, బిగించడానికి దారం కట్టాలి కదా, ఆ దారాన్ని చొక్కా గుండీ రంధ్రాల గుండా పోనిచ్చి తిప్పి కట్టండి. గుండీని పైకి కిందికి జరిపితే దారం పొడవు మారుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. పెద్ద వేళ్లకు, వణికే వేళ్లకు ముడులు వేయడం కన్నా ఇది ఎంతో తేలిక.

తొట్టిలో, తర్వాత చెరువులో

ముందు నీళ్ల తొట్టిలో వదలండి. అడుగు మూడు పొరలు మునిగి, పై రెండు నీళ్ల పైన ఉండాలి. ముక్కు దిగితే వెనక నాలుగు మేకులు వేసి సరిచేయండి. తర్వాత తెరచాపలు తీసేసి పడవను పక్క నుంచి ఒక వేలితో నెట్టండి. ఎక్కడ నెడితే తిరగకుండా పక్కకు జరుగుతుందో అక్కడ గుర్తు పెట్టండి. తెరచాపల ఆకారం అట్టలో, కొయ్య వెంబడి ఎలా ఉంటాయో అలాగే కత్తిరించి, గుండుసూది మీద నిలిపి, మధ్య బిందువు కనుక్కోండి. ఈ బిందువు ఆ గుర్తుకన్నా 2, 3 సెంటీమీటర్లు ముందుకు ఉండాలి. లేకపోతే కొయ్యను మరో బొక్కలోకి మార్చండి.

మా ఊళ్లో గాలికి లోటు లేదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నీళ్లే చూసుకోవాలి. బుక్కరాయసముద్రం చెరువులో నీళ్లున్నప్పుడు గట్టున మంచి చోటు దొరుకుతుంది. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ) కాలువలో మాత్రం వేయొద్దు, ప్రవాహం లాగేస్తుంది, గట్లు జారుతాయి. తోడు ఎవరినైనా తీసుకెళ్లండి. పడవ వెనక చేపల గాలం నైలాన్ దారం కట్టి, చుట్టను చేతిలో ఉంచుకోండి. ఆగిపోతే లాక్కోవచ్చు, నీళ్లలోకి దిగే పని ఉండదు. సూది పోట్లు ఆరని చేతిని చెరువు నీళ్లలో పెట్టకూడదు. మెడ దగ్గర క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉన్నవాళ్లు నీళ్ల అంచుకు కూడా పోవద్దు, పక్కవాళ్లతో వదిలించి చూడండి. గట్టు దగ్గర కొబ్బరి బోండాల బండి కనబడుతుంది, డయాలసిస్ వాళ్లకు అందులో పొటాషియం ప్రమాదం. ఇంటి నుంచి మన లెక్కలోని నీళ్లు పట్టుకెళ్లండి.

గాలి పక్క నుంచి తగిలేలా పడవను తిప్పి పట్టుకోండి. పెద్ద తెరచాప పుల్ల 40 డిగ్రీల దాకా బయటికి, చిన్నది దానికన్నా కాస్త వదులుగా ఉంచి, నెట్టకుండా వదలండి. పడవ గాలికి ఎదురుగా తిరిగి ఆగిపోతుంటే కొయ్యను ముందు బొక్కలోకి మార్చాలి. గాలి వెంట పారిపోతుంటే వెనక బొక్కలోకి. చిన్న తేడాలకు చుక్కాని ఒక వెంట్రుకవాసి వంచితే చాలు.

ఆషాఢం గాలికి ఇవే తెరచాపలు పెద్దవవుతాయి. అన్ని కొలతలూ నాలుగో వంతు తగ్గించి రెండో జత కుట్టి ఉంచుకోండి, తెల్లారకముందే వెళ్లండి, పొద్దెక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. కార్తీకం వచ్చేసరికి గాలి మెత్తబడుతుంది, అప్పుడు పెద్ద జత వేసి, పొట్ట ఇంకో రెండు మిల్లీమీటర్లు పెంచండి. ఇంటికొచ్చాక తెరచాపలు విప్పి, నీడన ఆరబెట్టి, మడవకుండా పేపర్ గొట్టానికి చుట్టి పెట్టండి. కడ్డీ మీద పెయింట్ ఎక్కడైనా లేచిందేమో చూసి, లేచిన చోట అదే వారం పూయండి.