నిర్మాణ సంస్థలో ప్రోత్సాహకాలను అమలు చేయడం ఎలా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్లు కట్టే మధ్యతరహా సంస్థ తన మనుషులకు ప్రోత్సాహకాలు ఇవ్వదలచుకుంటే, చట్టప్రకారం ఇవ్వవలసినదాన్నీ తానుగా అదనంగా ఇచ్చేదాన్నీ ముందుగా వేర్వేరు పద్దుల్లో రాసుకోవాలి. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కూలి, అర్హులకు 8.33 శాతానికి తగ్గని వార్షిక బోనస్ కార్మికుల హక్కులు. వాటికి బహుమతి అని పేరు పెట్టకూడదు. 1965 నాటి బోనస్ చట్టం కాంట్రాక్టర్ల ద్వారా భవన నిర్మాణంలో పనిచేసేవారిని మినహాయించింది గానీ, 2007 సవరణ ఆ మినహాయింపును తొలగించింది. మేస్త్రీ తెచ్చిన మనుషులకు బోనస్ ఏమిటని అడిగేవారు ఇంకా ఉన్నారు కనుక ఈ సంగతి నొక్కి చెప్పవలసి వస్తోంది.

ఆ తరువాత తేల్చుకోవలసింది దేనికి ఇవ్వాలన్నది. శ్లాబ్ ఎన్ని రోజుల్లో పడిందన్న ఒక్క లెక్క మీదే డబ్బు ఇవ్వడం ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం, మామూలు వాతావరణంలో సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల వరకు ఉన్న శ్లాబ్ కింద జాకీలు, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని మోసే నిలువు ఆధారాలు, 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, ఆరు మీటర్లు దాటిన దూలాల కింద 21 రోజులు ఉండాలి. వేగానికి మాత్రమే డబ్బు ముట్టజెబితే మొదట కుదించుకుపోయేవి ఈ రోజులే. అందుచేత గడువుకు ఇచ్చే మొత్తం, క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) సరిగా జరిగిందనీ జాకీలు వేళకు ముందు తీయలేదనీ ఇంజినీరు సంతకం చేసిన తరువాతే విడుదల కావాలి.

కొలవగలిగిన పనిని ఎంచుకుంటే తగాదా ఉండదు. రాడ్ బెండింగ్ చూడండి. పన్నెండు మీటర్ల 12 మి.మీ. ఊచను 3.8 మీటర్ల ముక్కలుగా కోస్తే మూడు వస్తాయి, 60 సెంటీమీటర్ల తునక, అంటే అర కిలోకు పైగా ఇనుము మిగులుతుంది. అదే ఊచ నుంచి రెండు 3.8 మీటర్ల ముక్కలు, వేరే దూలానికి కావలసిన 4.4 మీటర్ల ముక్క ఒకటి తీస్తే ఏమీ మిగలదు. ఈ ఆలోచన కోత బల్ల దగ్గర నిలబడ్డ మనిషికి రావాలి, వచ్చినందుకు అతనికి దక్కాలి. స్టోరు నుంచి వెళ్లిన బరువు, ఊచల కొలతల పట్టిక (షెడ్యూల్) ప్రకారం శ్లాబ్‌లో పడిన బరువు, మిగిలిన తునకల బరువు మూడింటినీ కాటా వేసి, ముందే ఒప్పుకున్న వృథా కంటే తగ్గినదాని విలువలో సగం ఆ జట్టుకు ఇవ్వవచ్చు. అయితే కాంక్రీటు పోసే ముందు ల్యాపుల (ఊచల కొనలు ఒకదానిపై ఒకటి కలిసే అతుకుల) పొడవు తనిఖీ చేయనిదే ఈ లెక్క చెల్లదని కాగితం మీద ఉండాలి.

భద్రత విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ప్రమాదమే జరగని నెలకు అందరికీ బహుమతి ప్రకటిస్తే, మేకు గుచ్చుకున్న కుర్రవాడు తనవల్ల తోటివారి డబ్బు పోతుందని కాలికి గుడ్డ చుట్టుకొని పనిలోకి దిగుతాడు. దానికి బదులు, వదులైన పరంజా పలకనో కంచె లేని లిఫ్టు గోతినో చూపించినవారికి ఆ వారమే చిన్న మొత్తం ఇవ్వాలి.

డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్నదీ అంతే ముఖ్యం. మొత్తం మేస్త్రీకి అప్పగిస్తే పాత అడ్వాన్సుల కింద జమ అయిపోవచ్చు. హాజరు పట్టీ ప్రకారం ఒక్కొక్కరి బ్యాంకు ఖాతాలో వేసి, మేస్త్రీ వాటాను వేరుగా చూపి, జాబితాను తెలుగు, హిందీ, ఒడియా భాషల్లో సైట్ ఆఫీసు గోడకు అంటించాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి.

సైట్ ఇంజినీర్ల బోనస్‌లో కొంత భాగాన్ని మొదటి వానాకాలం గడిచేదాకా నిలిపి ఉంచడం మంచిది, ఎందుకంటే బాత్రూముల్లో, టెర్రస్ మీద చేసిన వాటర్‌ప్రూఫింగ్ నాణ్యత అప్పుడే బయటపడుతుంది. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే రెరా చట్టం నిర్మాణ లోపాలకు బిల్డరును ఐదేళ్లపాటు బాధ్యుణ్ణి చేసింది కనుక సంస్థకూ ఇది అవసరమే.

మొదట ఒకే బ్లాకులో, ఒకే జట్టుతో మూడు శ్లాబుల వరకు నడిపి చూడండి. రేటు మార్చవలసి వస్తే తరువాతి శ్లాబ్ నుంచి మార్చండి, మొదలైన శ్లాబ్‌కు మాత్రం ఇచ్చిన మాట ప్రకారమే చెల్లించండి.