ఇంట్లో సముద్రం – ఏడవ పాఠం: ట్రిగ్గర్ చేప మేత, పొట్టు చేసిన పొరపాటు

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో పెంచుకునే సముద్రపు చేప ట్రిగ్గర్‌కు మేతగా వేసే ఆల్చిప్పల గురించి, స్క్విడ్ అనే మెత్తని సముద్రజీవి గురించి, నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) గురించి ఈసారి వివరంగా చెబుతానని ఆరవ పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాటను సగమే నిలబెట్టుకోగలను, ఎందుకంటే ఆ పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం నాలుగైదు ఇళ్లలో ట్యాంకులను పాడు చేసింది. "ట్రిగ్గర్‌కు రొయ్యను పొట్టుతో సహా వేయాలి" అని రాశాను. పచ్చి రొయ్యను పైపెంకు ఒలవకుండా వేయమని నా ఉద్దేశం. కానీ మన అంగట్లో "రొయ్యపొట్టు" అంటే ఎండు చేపల పక్కన గుట్టగా పోసి డబ్బాతో కొలిచి ఇచ్చే ఎండు చిరురొయ్య. వంకాయ కూరలో దాన్ని చిన్నప్పటి నుంచి తింటున్న నాకే రాసేటప్పుడు ఆ సంగతి తట్టలేదు. చదివినవారు ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకుని, నేరుగా అంగడికి వెళ్లి పావుకిలో రొయ్యపొట్టు తెచ్చుకున్నారు.

కాజీపేటలో ఒక చదువరి ఇంటికి నేనే వెళ్లి చూశాను. 400 లీటర్ల ట్యాంకులో ఉన్నది 12 సెంటీమీటర్ల పికాసో ట్రిగ్గర్ ఒక్కటే. మూడు రోజులుగా పూటకొక గుప్పెడు పడుతుండగా, నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా మారాయి. చేప పంపు నీళ్లు పడే చోట తల పెట్టుకుని, మొప్పలు వేగంగా ఆడిస్తూ నిలబడి ఉంది. ఎలా వేస్తున్నారో చూపించమంటే ఆయన నాలుగు గింజలంత పొట్టు వేశారు. అది మునగకుండా పైనే తేలింది. చేప పైకి వచ్చి అందుకుని ఒకసారి నమిలింది, వెంటనే దాని మొప్పల సందులో నుంచి ఇటుక రంగు ధూళి పొగలా బయటికి వచ్చింది. తిన్నది ఎంతో తెలియదు గానీ వదిలింది మాత్రం కంటికి కనబడింది. ఫిల్టర్ సాక్‌ను, అంటే నీళ్లను వడగట్టే గుడ్డసంచిని, విప్పి బకెట్‌లో పిండితే ఎర్రటి బురద దిగింది, ఆ బురదలో చిరురొయ్యల నల్లటి కళ్లు ఆవగింజల్లా మెరుస్తున్నాయి.

ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది భయపడింది ఉప్పు గురించి. ఎండు రొయ్యలో ఉప్పు ఉంటుంది కాబట్టి నీళ్ల ఉప్పదనం పెరిగి చేప జబ్బు పడిందా అని అడిగారు. అది అసలు లెక్కలోకే రాదు. లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున 400 లీటర్ల సముద్రపు నీళ్లలో ఇప్పటికే 14 కిలోల ఉప్పు ఉంది, గుప్పెడు పొట్టులోని చిటికెడు ఉప్పు దానిని కదిలించలేదు. కదిలించేది ఆ ధూళి. అది రాళ్ల సందుల్లో, ఇసుకలో, సాక్‌లో చేరి కుళ్లి అమ్మోనియాగా మారుతుంది. గోల్డ్‌ఫిష్‌లు పెంచి ఈ దారికి వచ్చినవారు ఇక్కడే లెక్క తప్పుతారు. మంచినీళ్ల తొట్టిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7 దగ్గర ఉంటుంది కాబట్టి అమ్మోనియాలో అధికభాగం అంతగా హాని చేయని రూపంలోనే ఉండిపోతుంది. మన ఉప్పునీటి ట్యాంకులో పీహెచ్ 8.2 చుట్టూ ఉంటుంది కాబట్టి అంతే అమ్మోనియాలో విషపు వంతు పలు రెట్లు ఎక్కువ. అక్కడ చెల్లిన అజాగ్రత్త ఇక్కడ చెల్లదు.

పొట్టు మీద నా కోపం ఇంకా తీరలేదు. ఎండలో రోజుల తరబడి పరిచిన రొయ్యలో కొవ్వు గాలి తగిలి చెడిపోతుంది, విటమిన్లలో చాలా భాగం పోతుంది. ఈగలు వాలకుండా ఎండు చేపల మీద పురుగుమందు చల్లే చెడ్డ అలవాటు కొన్నిచోట్ల ఉంది, మన చేతిలో పడిన గుప్పెడు ఏ గుట్టలోదో మనకు తెలియదు. ఇవన్నీ పక్కన పెట్టినా అసలు నష్టం వేరే ఉంది. పొట్టు నోట్లో పడగానే పొడి అవుతుంది కాబట్టి దవడకు పని ఉండదు. ట్రిగ్గర్‌కు తిండి ఎంత ముఖ్యమో కొరకడం అంత ముఖ్యం. దాని పై దవడలో బయటి వరుసలో 8 పళ్లు, లోపలి వరుసలో మరో 6, కింది దవడలో 8 ఉంటాయి. గుల్లలను, ఎండ్రకాయలను, ముళ్ల సీ అర్చిన్‌ను పగలగొట్టడానికే ఆ నోరు అలా తయారైంది. మెత్తని తిండి మాత్రమే తిన్న ట్రిగ్గర్ పళ్లు అరుగుదల లేక పొడవుగా బయటికి కనబడతాయి. పని దొరకని ఆ నోరు హీటర్ వైరు మీద, గాలి గొట్టం మీద, చివరికి మీ వేలి మీద పని వెతుక్కుంటుంది. ఒక పికాసో నా ఎడమ బొటనవేలి కొసను కొరికిన గుర్తు ఇప్పటికీ ఉంది, ఆ రోజు నుంచి మేతను పట్టకారుతోనే అందిస్తున్నాను.

కాబట్టి ఇకపై ఈ పాఠాల్లో "పొట్టు" అనే మాట ఉండదు, "పెంకు" అనే రాస్తాను. ఇప్పటికే రొయ్యపొట్టు వేసినవారు రెండు రోజులు మేత పూర్తిగా ఆపాలి. ఆరోగ్యంగా ఉన్న ట్రిగ్గర్‌కు రెండు రోజుల పస్తు ఏమీ చేయదు. సాక్‌ను రోజూ ఉతకాలి, ఇసుకలో పేరుకున్నదాన్ని గొట్టంతో లాగేయాలి, వరుసగా రెండు రోజులు పాతిక శాతం చొప్పున నీళ్లు మార్చాలి. కొత్త నీళ్ల ఉప్పదనం, వేడి పాత నీళ్లతో సరిపోవాలని మూడవ పాఠంలోనే చెప్పాను. అమ్మోనియా పరీక్షలో సున్నా వచ్చేదాకా మేత మొదలుపెట్టవద్దు.

ఇక అసలు రొయ్య సంగతి. వరంగల్‌లో మనకు సులభంగా దొరికేది చెరువుల్లో పెంచిన వన్నామి రకం రొయ్య. 60 కౌంట్ అడగండి, అంటే కిలోకు 60 తూగేవి. ఒక్కొక్కటి 16, 17 గ్రాములు ఉంటుంది. దుకాణంలో అడగకుండానే తల తీసి, పెంకు ఒలిచి, నడుమ నరం లాగి చేతిలో పెడతారు. "ఒలవకుండా ఇవ్వండి" అని ముందే చెప్పకపోతే మీకు కావలసినది వారి చెత్తబుట్టలోకి పోతుంది. తలను మాత్రం నేను వాడను, దానిలోని నూనె నీటి మీద పొరలా తేలుతుంది, ముందుకు పొడుచుకొచ్చిన ముల్లు కూడా అనవసరం. తోక, కాళ్లు, పెంకు ఉండాలి. ఇంటికి తెచ్చాక ఉత్త నీళ్లతో కడగాలి. ఉత్త నీళ్లు అని ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, హనుమకొండలో ఒక ఇంట్లో ఆ ఇంటి పెద్దావిడ నీచు వాసన పోవడానికి అలవాటుగా ఉప్పు, పసుపు పట్టించి కడిగిచ్చారు, ట్యాంకు నీళ్లు సాయంత్రానికి పచ్చబడ్డాయి. కరీంనగర్ నుంచి మరొకరు పచ్చిది వేయడానికి మనసొప్పక ఉడకబెట్టి వేశామని రాశారు. ఉడికినది విషం కాదు గానీ ఆ రుచికి అలవాటు పడిన చేప పచ్చిదాన్ని ముట్టకపోవచ్చు, ఆ చిక్కు మీకెందుకు?

కడిగిన రొయ్యను పెంకుతోపాటు అడ్డంగా నాలుగైదు ముక్కలు చేసి, ఒక రోజుకు సరిపడా ముక్కలను ఒక్కొక్క చిన్న పొట్లంగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. కరిగిన పొట్లాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. వేసే ముందు పొట్లాన్ని ట్యాంకు నీళ్లు పోసిన గ్లాసులో పది నిమిషాలు ఉంచి, ఆ నీళ్లను చాయ్ జాలితో వడగట్టి పారబోసి, ముక్కలను మాత్రమే వేయాలి. ఆ నీళ్లలో ఫాస్ఫేట్, రక్తరసం తప్ప చేపకు పనికొచ్చేది ఏమీ లేదు.

12 సెంటీమీటర్ల చేపకు రోజంతటికీ అలాంటి ఒక్క రొయ్య చాలు, రెండు పూటలుగా వేయండి. 8 సెంటీమీటర్ల లోపు పిల్లకు అందులో సగం, కానీ మూడు నాలుగు సార్లుగా. ఇంతేనా అని మీకు అనిపిస్తుంది, ఎందుకంటే మీరు గదిలో అడుగుపెట్టగానే చేప అద్దానికి ముక్కు ఆనించి, గుర్రుమంటూ, నోటితో నీళ్లను మీ మీదికి చిమ్ముతూ అడుగుతుంది. ట్రిగ్గర్ రోజుకు ఇరవైసార్లు అలా అడుగుతుంది, అది ఆకలి కాదు, మనిషిని చూస్తే తిండి వస్తుందన్న గుర్తు. పక్క నుంచి చూసి కడుపును అంచనా వేయండి: లోపలికి పీక్కుపోతే తక్కువైంది, వేళ్ల మధ్య గోళీ పట్టినట్టు ఉబ్బితే ఎక్కువైంది, కొంచెం గుండ్రంగా ఉంటే సరిపోయింది. శనివారం మా అమ్మ ఒక్కపొద్దు ఉంటుంది కాబట్టి మా ఇంట్లో చేపకు కూడా శనివారం ఒక్కపొద్దే. వారానికి ఒక రోజు ఖాళీ ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం, ఆ రోజు శనివారమే కానక్కర్లేదు.

రొయ్య ఎంత బాగా కుదిరినా ఏడు రోజులూ అదే వేయకూడదు. కొన్ని రకాల రొయ్యల్లో, ఆల్చిప్పల్లో, కార్ప్ జాతి చేపల్లో థయామినేజ్ అనే పదార్థం ఉంటుంది. అది విటమిన్ బి1 ను విరగ్గొడుతుంది, ఫ్రీజర్ చలికి అది నశించదు. ఒకే తిండి మీద నెలల తరబడి ఉన్న చేప బయటికి బాగానే కనబడుతూ లోపల చిక్కిపోవడానికి ఇదొక కారణం. లోయర్ మానేరు జలాశయంలో పట్టిన రవ్వ, బొచ్చె తాజాగా దొరుకుతున్నాయి, వేయవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అవి రెండూ కార్ప్ జాతివే, పైగా సముద్రపు చేపకు కావలసిన కొవ్వులు మంచినీటి చేపలో తక్కువ. మనకు అవి కూరకు మంచివి, ట్రిగ్గర్‌కు కావు. వరి మడుల్లో దొరికే ఎండ్రకాయ విషయంలో నేను ఇంకా కఠినంగా చెబుతాను: పెంకు గట్టిదే, పని ఇచ్చేదే, కానీ మడికి కొట్టిన మందు దానిలో ఉంటుంది, తేవద్దు.

బదులుగా వారంలో రెండు రోజులు స్క్విడ్, ఒక రోజు సగం తెరిచిన ఆల్చిప్ప వేయండి. ఇవి వరంగల్ దుకాణాల్లో అరుదు. నేను విశాఖలో ఉన్న బంధువుల చేత ఐసు పోసిన థర్మోకోల్ పెట్టెలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు పంపించుకుని, తెల్లవారకముందే స్టేషన్‌కు వెళ్లి తెచ్చుకుంటాను. ఆ వీలు లేనివారు హైదరాబాద్ ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో ప్రయత్నించవచ్చు. కొత్తగా వచ్చి ఏమీ తినని చేపకు కూడా సగం తెరిచిన ఆల్చిప్పే నా మొదటి మందు. పికాసోలు నాచు కూడా కొంత కొరుకుతాయి కాబట్టి ఉప్పూ మసాలా పట్టించని నోరి ముక్కను క్లిప్పుకు పెట్టి వేలాడదీయండి, ముట్టకపోతే గంట తర్వాత తీసేయండి.

ఇంతవరకు చెప్పింది పికాసో, క్లౌన్, గీతల అన్‌డ్యులేటెడ్ రకాల ట్రిగ్గర్లకు వర్తిస్తుంది. నైగర్‌కు, నీలి గొంతు ట్రిగ్గర్‌కు ముక్కలు ఇంకా చిన్నవి కావాలి, ఎందుకంటే అవి సముద్రంలో ప్రవాహంలో కొట్టుకొచ్చే చిన్న జీవులను నడినీళ్లలో ఏరుకుని తినేవి. వాటికి అడుగున పడిన ముక్క కన్నా పంపు ధారలో తిరిగే ముక్క ఇష్టం.

రాత్రి దీపం ఆర్పడానికి కనీసం గంట ముందే చివరి పూట ముగియాలి. దీపం ఆరాక ట్రిగ్గర్ రాతి సందులో దూరి, వీపు మీది మొదటి ముల్లును నిలబెట్టి, రెండవ ముల్లుతో దానికి గడియ వేసుకుని పడుకుంటుంది. ఆ తర్వాత వేసినది తెల్లారేదాకా కుళ్లుతుంది. మే నెలలో ట్యాంకు 29 డిగ్రీలు దాటితే రోజు మేతను సగానికి తగ్గించి, ఉదయం పూటే వేయండి, వేడి నీళ్లలో కలిసి ఉండే ఆక్సిజన్ తక్కువ.

అభ్యాసం ఈసారి కొంచెం బరువైనదే. 14 రోజులు ఒక నోటు పుస్తకం పెట్టండి. ప్రతి పూటా ఒకే ఒక ముక్కను పట్టకారుతో అందించి, చేప దానిని ఎన్నిసార్లు కొరికిందో లెక్కపెట్టండి. అద్దానికి చెవి ఆనిస్తే పెంకు విరిగే టక్ టక్ శబ్దం వినబడుతుంది. అది ముక్కను నోట్లో పెట్టుకుని, ఊదేసి, తిప్పి మళ్లీ పట్టుకోవడం కూడా ఒక కొరుకుగానే రాయండి. మొదటి వారం పెంకు ఉన్న రొయ్య, రెండవ వారం రోజు విడిచి రోజు స్క్విడ్. రెండు వారాల అంకెలతోపాటు ప్రతి ఆదివారం అమ్మోనియా, నైట్రేట్ ఎంత వచ్చిందో పక్కన రాసి పంపండి. రొయ్యకు వచ్చే లెక్క స్క్విడ్ కన్నా తక్కువ ఉన్నవారు ముక్క ఎంత పెద్దది కోశారో కూడా రాయాలి, ఎనిమిదవ పాఠం వారి అంకెలతోనే మొదలవుతుంది.