ఆటగాణ్ణి తూచడం, నాలుగో పాఠం: కప్పును పక్కన పెట్టి చూడటం

మూడో పాఠం గాడి తప్పింది. పోయినసారి ఇచ్చిన ఇంటిపని గుర్తుండే ఉంటుంది. ఇంకా మైదానంలో ఆడుతున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లలో, యాభై ఏళ్ల తర్వాత కూడా తలచుకోదగ్గ ఐదుగురి పేర్లు రాసి, ఒక్కో పేరుకూ కారణం రాయమన్నాను. మీరు పంపిన కాగితాలన్నీ రెండు రాత్రులు కూర్చుని చదివాను. దాదాపు అన్నింటిలోనూ ఐదుగురూ ఫార్వర్డ్‌లే, అంటే ముందు వరుసలో ఉండి గోల్స్ కొట్టేవాళ్లే. గోల్‌కీపర్ ఒక్కడూ లేడు, డిఫెండర్ ఒక్కడూ లేడు. నడిమి వరుసలో ఆడే మోడ్రిచ్ పేరు రాసింది మల్కాజ్‌గిరి నుంచి ఒకే ఒక్క పాఠకురాలు. ఆమె కూడా "మీ లెక్కలో రాడు, కానీ వదిలేయబుద్ధి కాలేదు, క్షమించండి" అని పక్కన రాశారు.

క్షమించమని అడగాల్సింది నేను. 90 నిమిషాలకు ఎన్ని గోల్స్, ఎన్ని గోల్ పాస్‌లు అనే భాగహారం పోయిన పాఠంలో నేర్పాను. ఆ లెక్క ఇద్దరు ఫార్వర్డ్‌లను పక్కపక్కన నిలబెట్టడానికి పనికొస్తుంది, అంతవరకే. ఆ ముక్క పాఠం మొదట్లోనే రాయాల్సింది, రాయలేదు. బంగారం తూచే త్రాసు చేతికిచ్చి బియ్యం బస్తా తూచమన్నట్టు అయింది. అందుకని ఈసారి చెబుదామనుకున్న పాఠాన్ని వెనక్కి జరిపి, ముందు దీన్ని సరిచేస్తాను. భాగహారం మళ్లీ చెప్పను, అది మీకు వచ్చేసింది.

ముందు ఒక గోతి గురించి చెప్పాలి. మీలో సగం మంది అందులో పడ్డారు. అదేమిటంటే, కప్పును ఆటగాడి పేరు పక్కన రాసుకోవడం. "మెస్సి, ఎందుకంటే ప్రపంచ కప్ గెలిచాడు." "రొనాల్డో, ఎందుకంటే యూరో గెలిచాడు." "ఎంబాపే వద్దు, ఎందుకంటే అతను ఉన్నన్నాళ్లూ పీఎస్‌జీకి ఛాంపియన్స్ లీగ్ రాలేదు." (యూరో అంటే యూరప్ దేశాల కప్పు, పీఎస్‌జీ పారిస్ క్లబ్బు, ఛాంపియన్స్ లీగ్ యూరప్ క్లబ్బుల కప్పు.) ఇరానీ హోటల్లో ఛాయ్ దగ్గర ఈ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ నాకు బాధే. కప్పు అబద్ధమని నేననడం లేదు. దాన్ని పదకొండు మంది, బెంచీ మీద కూర్చున్నవాళ్లు, కోచ్ అందరూ కలిసి గెలిచారు. ఒక మనిషిని తూచేటప్పుడు దాన్ని మొత్తంగా తెచ్చి ఒక పళ్లెంలో పడేస్తే త్రాసు ఏం చూపిస్తుంది?

2022 డిసెంబర్ 18 రాత్రి గుర్తు తెచ్చుకోండి. ఖతార్‌లోని లుసైల్‌లో ప్రపంచ కప్ ఫైనల్, అర్జెంటీనా 3, ఫ్రాన్స్ 3. అదనపు సమయం కూడా అయిపోవచ్చింది. ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువాని ఒంటరిగా గోల్ ముందుకొచ్చి గట్టిగా కొట్టాడు. అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఎడమ కాలు చాచాడు, బంతి ఆ కాలికి తగిలి బయటికొచ్చింది. తర్వాత ఒక్కొక్కరు పెనాల్టీ కొట్టే షూటౌట్‌లో అర్జెంటీనా 4-2తో గెలిచింది. ఆ కాలు నాలుగు అంగుళాలు పక్కన ఉండి ఉంటే కప్పు ఫ్రాన్స్‌ది. అప్పటికి మెస్సి ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టాడు, సెమీఫైనల్లో క్రొయేషియా డిఫెండర్ గ్వార్డియోల్‌ను గీత పొడుగునా లాక్కెళ్లి అల్వారెజ్‌కు గోల్ అందించాడు. మార్టినెజ్ కాలు బంతికి తగిలినా తగలకపోయినా మెస్సి చేసినవి ఇవే. మరి మీ కాగితంలో మెస్సి గొప్పతనం మెస్సి కాలి మీద నిలబడిందా, మార్టినెజ్ కాలి మీదా?

అదే మ్యాచ్‌ను అటువైపు నుంచి చూడండి. ఎంబాపే ఫైనల్లో మూడు గోల్స్ కొట్టి, షూటౌట్‌లో తన పెనాల్టీ కూడా వేసి, ఓడిపోయాడు. కప్పు లెక్క ప్రకారం ఆ రాత్రి అతని ఖాతాలో సున్నా. ఒక ప్రపంచ కప్ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టినవాడికి సున్నా వేసే లెక్కను మీరు ఇంకే పనికైనా ఒప్పుకుంటారా?

రొనాల్డో సంగతి ఇంకా తేటగా ఉంటుంది. 2016 యూరో ఫైనల్లో మోకాలి దెబ్బతో 25వ నిమిషంలోనే స్ట్రెచర్ మీద బయటికెళ్లాడు. గెలిపించిన గోల్ 109వ నిమిషంలో ఎడెర్ కొట్టాడు. "యూరో గెలిచాడు కాబట్టి" అని రాస్తే ఎడెర్ గోల్‌ను రొనాల్డో జేబులో వేసినట్టే. అలాగని రొనాల్డోకు ఆ టోర్నమెంట్‌లో ఏమీ రాదని కాదు. హంగరీతో 3-3 మ్యాచ్‌లో రెండు గోల్స్, సెమీఫైనల్లో వేల్స్ మీద గాల్లోకి లేచి తలతో కొట్టిన గోల్ అతనివే. ఆ హెడర్ రాయండి, కప్పు రాయకండి.

ఇక పీఎస్‌జీ. ఎంబాపే 2024లో రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు, మరుసటి ఏడాదే పీఎస్‌జీ మ్యూనిక్‌లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. "చూశారా, అతను పోగానే గెలిచారు" అని ఇద్దరు రాశారు. ఆ ఏడాది పీఎస్‌జీ ఆట తీరే వేరు. బంతి పోగానే ముందు వరుస నుంచే అందరూ వెంటపడేవాళ్లు. ఎంబాపే వెనక్కి పరుగెత్తి రక్షణలో సాయపడడు అన్నది నిజమైన లోపం, దాన్ని రాయండి, నేనూ రాస్తాను. కప్పు రాలేదు కాబట్టి తక్కువవాడు అన్నది మాత్రం కారణం కాదు.

బ్రెజిల్ క్రీడాకారిణి మార్టాను ఈ లెక్క పూర్తిగా చెరిపేస్తుంది. 2003 నుంచి 2019 వరకు ఐదు ప్రపంచ కప్‌లలో గోల్స్ కొట్టింది, మొత్తం 17. ఫిఫా ఏటా ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆరుసార్లు అందుకుంది. బ్రెజిల్ మహిళల జట్టు ప్రపంచ కప్ ఒక్కసారీ గెలవలేదు. మీ కాగితాల్లో ఆమె పేరు ఒక్కచోటా లేదు.

నేను చేసే పని చెబుతాను. నోట్‌బుక్‌లో కప్పుల గడి ఎర్ర సిరాతో కొట్టేశాను. దాని బదులు "ఆ రోజు తను చేసిందేమిటి?" అని రాసుకుంటాను. గెలిచిన రోజుకూ ఓడిన రోజుకూ ఒకటే ప్రశ్న.

ఇప్పుడు అసలు పాఠం. దీనికి నేను పెట్టుకున్న పేరు "తీసేసి చూడటం". ఆటగాణ్ణి మనసులో మైదానం నుంచి తీసేయాలి. మిగతా పదిమంది ఆట ఎక్కడ కుంటుపడుతుందో చూడాలి. ఎంత కుంటుపడితే అతను అంత బరువు.

కొన్నిసార్లు ఆ పని గాయమే చేసి పెడుతుంది. మాంచెస్టర్ సిటీ వరుసగా నాలుగేళ్లు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచింది. 2024 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ మ్యాచ్‌లో ఆ జట్టు నడిమి వరుసలో ఆడే రోడ్రి మోకాలు దెబ్బతింది. ఆ శీతాకాలంలో అదే జట్టు వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది. గోల్స్ కొట్టే హాలాండ్ ఉన్నాడు, కోచ్ గార్డియోలా ఉన్నాడు. రోడ్రి మాత్రం లేడు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో సిటీలో వేరేవాళ్లకు కూడా దెబ్బలున్నాయి, కాబట్టి ఐదు ఓటములూ రోడ్రి లెక్కలో వేయకండి. కానీ బంతి పోయిన మరుక్షణం మైదానం నడుమ ఎంత ఖాళీ కనబడిందో ఆ మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది. ఆ ఖాళీకి ఉన్న పేరే రోడ్రి.

నడిమి వరుసలోనే ఆడే ఫ్రాన్స్ ఆటగాడు కాంటే ఇంకో రకం. 2016లో లెస్టర్ జట్టులో ఉండి అదే లీగ్ గెలిచాడు, చెల్సీకి మారి 2017లో మళ్లీ గెలిచాడు. ఇదీ కప్పు లెక్కే కదా అనకండి. మనిషి మారిన చోటికే ఫలితం కూడా నడిచి వెళ్లిందా అన్నది ఇక్కడ చూస్తున్నాం, అది వేరే ప్రశ్న.

గాయం లేనప్పుడు మీరే తీసేయాలి. దానికి బంతిని చూడటం మానేయాలి. ఇది కష్టం, మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది. మొదటి పదిహేను నిమిషాలు టీవీ సౌండ్ తీసేయండి. కామెంటరీ వింటే కన్ను బంతి వెంట పరుగెడుతుంది. ఒక్క మనిషిని పట్టుకోండి. రొనాల్డోను చూస్తే, బంతి ఇంకో పక్కన ఉన్నప్పుడు అతను డిఫెండర్ వీపు వెనక్కి, కంటికి ఆనని చోటికి జరుగుతాడు. పక్క నుంచి క్రాస్ వచ్చేసరికి ఆ డిఫెండర్‌కు అతనెక్కడున్నాడో తెలియదు. మెస్సి అయితే ఆట మొదలైన కాసేపు నడుస్తూనే ఉంటాడు, తల అటూ ఇటూ తిప్పుతూ ఎవరెక్కడ నిలబడుతున్నారో చూసుకుంటాడు. పరుగెత్తడం లేదని విసుక్కునేవాళ్లు చూడాల్సింది ఆ తలనే. రీల్స్‌లో ఇవేవీ ఉండవు. ముప్పై సెకన్ల ముక్కలో బంతి ఉన్న మనిషి ఒక్కడే ఉంటాడు.

వీలైతే స్టేడియానికి వెళ్లండి. గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ మ్యాచ్‌లకు నేను పైమెట్ల మీదే కూర్చునేవాణ్ణి. కింద ఆటగాళ్ల మొహాలు బాగా కనిపిస్తాయి, పైనుంచైతే ఖాళీలు కనిపిస్తాయి.

గోల్‌కీపర్‌కు కూడా ఇదే పద్ధతి. 2014 ప్రపంచ కప్‌లో జర్మనీ, అల్జీరియా మ్యాచ్ వెతికి చూడండి. జర్మనీ గోల్‌కీపర్ నోయర్ పదే పదే పెనాల్టీ బాక్సు దాటి వచ్చి, అల్జీరియా ఫార్వర్డ్‌ల కన్నా ముందే బంతిని తన్నేశాడు. అతన్ని తీసేసి, గీత మీదే నిలబడే మామూలు కీపర్‌ను పెట్టి చూడండి. జర్మనీ డిఫెండర్లు అంత ముందుకు వచ్చి ఆడగలరా? ఆ తర్వాతి తరం కీపర్లు అతన్ని చూసి ఆట నేర్చుకున్నారు. నా ఐదుగురిలో నోయర్ ఉన్నాడు, ఇందులో నాకు సందేహం లేదు.

మిగతా నలుగురు మెస్సి, రొనాల్డో, మార్టా, మోడ్రిచ్. లెవండోవ్‌స్కీ దగ్గర చాలాసేపు ఆగాను. గెర్డ్ ముల్లర్ 1971-72లో జర్మనీ లీగ్ బుండెస్‌లీగాలో కొట్టిన 40 గోల్స్ రికార్డును 2020-21లో 41తో దాటినవాడిని పక్కన పెట్టడం సులువు కాదు. సలా, డి బ్రుయ్నె కూడా నా గుమ్మం దాకా వచ్చారు. ఎంబాపేకు ఇంకా వయసుంది, ఇప్పుడే తలుపు వేయను. నడిమి వరుసలో ఆడేవాళ్లంటే నాకు మక్కువ ఎక్కువ, నా జాబితా చదివేటప్పుడు అది గుర్తుంచుకోండి.

శిఖరం, నిలకడ గురించి నాలుగు మాటలే చెబుతాను, పూర్తి పాఠం తర్వాత వస్తుంది. ఒకటి రెండేళ్లు మెరిసినవాళ్లకూ, ఇరవై ఏళ్లు ఆడినవాళ్లకూ ఒకే కొలత పెట్టకండి. మన తులసీదాస్ బలరామ్‌నే తీసుకోండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టినవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన భారత జట్టులో ఉన్నాడు. ఆరోగ్యం బాగాలేక ముప్పై ఏళ్లు రాకముందే ఆట మానేశాడు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ కూడా మన హైదరాబాదీనే. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ గెలిచింది. బలరామ్ ఎలా కదిలేవాడో చూద్దామంటే మనకు వీడియో దొరకదు. మెస్సిని ఇవాళ ఎన్నిసార్లైనా వెనక్కి తిప్పి చూడగలం. అతను ఉప్పల్ స్టేడియానికి వచ్చిన రోజు ఎన్ని వేల ఫోన్లు పైకి లేచాయో చూశాం. బలరామ్‌ను తూచడానికి మిగిలింది చూసినవాళ్ల మాటలే.

ఇంటిపని. ఈసారి రెండున్నాయి, రెండూ ఎక్కువ సమయం తీసుకుంటాయి.

మొదటిది, 2022 ఏప్రిల్ 12 నాటి రియల్ మాడ్రిడ్, చెల్సీ మ్యాచ్ అదనపు సమయంతో సహా మొత్తం చూడండి. హైలైట్స్ వద్దు. మోడ్రిచ్‌ను మాత్రమే చూడండి. అప్పటికి అతనికి 36 ఏళ్లు. బంతి తన దగ్గర లేనప్పుడు ఎటు జరిగాడో ప్రతి ఐదు నిమిషాలకూ ఒక వాక్యం రాయండి. జట్టు 3-0తో వెనకబడి ఉండగా 80వ నిమిషంలో ఎడమ వైపు నుంచి కుడికాలి బయటి అంచుతో రోడ్రిగోకు పంపిన పాస్ దగ్గర ఆపండి. వెనక్కి తిప్పి, దానికి ముందు పది సెకన్లలో అతను ఎన్నిసార్లు తలెత్తి చూశాడో లెక్కపెట్టండి. ఆ పాస్ మీద పొగడ్త రాయకండి, ఆ సంఖ్య రాయండి.

రెండోది, మీ ఇంట్లోనో, గల్లీలోనో, మసీదు దగ్గరో, పార్కు బెంచీ మీదో, లాల్ బహదూర్ స్టేడియం ఇంకా ఫతే మైదాన్‌గా ఉన్న రోజుల నుంచి ఈ ఊళ్లో ఫుట్‌బాల్ చూసిన పెద్దవాళ్లు ఒక్కరైనా దొరుకుతారు. వాళ్ల దగ్గర గంట కూర్చోండి. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారని అడగొద్దు, ఏ కప్పు గెలిచారనీ అడగొద్దు. "ఏ ఆటగాడు లేని రోజు జట్టు ఎలా ఆడేది?" అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టే, ఉర్దూలో చెబితే ఉర్దూ మాటలతోనే, తేదీ వేసి రాసుకోండి. పెద్దవాళ్లు అలిసిపోతే ఆపేసి మర్నాడు మళ్లీ వెళ్లండి. గడువు మూడు వారాలు. వచ్చే పాఠం డిఫెండర్ల మీద, అది ఈ కాగితాలు చదివాకే రాస్తాను.